తరగతి గదిలో తెర, విద్యార్థి చేతిలో సుద్దముక్క

(మన పాఠశాలల ఉపాధ్యాయులు, సంఘపెద్దలు కూడియున్న సభలో చేసిన ప్రసంగము)



ఈ శతవార్షిక సంవత్సరములో మన పాఠశాలలకు ఏదైన ఒక జ్ఞాపకార్థ కానుక ఇయ్యవలెనని అనేక సంఘములు తలంచుచున్నవి. వెనుకటి తరమువారు బెంచీలు, బడిగంటలు, గోడ గడియారములు, నల్లబల్లలు ఇచ్చిరి. దాత పేరు వ్రాసిన బీరువాలు ఇప్పటికిని మన బడులలో కనిపించుచున్నవి. ఈ తరమువారు కంప్యూటరు, ప్రొజెక్టరు, గోడకు బిగించు పెద్ద తెర ఇచ్చెదమనుచున్నారు. ఉద్దేశము మంచిది. అయితే బెంచీ ఇచ్చినవారికి ఒక నిశ్చింత యుండెను. దానిమీద పిల్లవాడు కూర్చుండుట తప్ప వేరొకటి జరుగదు. తెర సంగతి అట్టిది కాదు. తెర బిగించిన తరువాత ఆ గదిలో ఏమి జరుగునో అది ఉపాధ్యాయుని పద్ధతిని బట్టియుండును. అందుచేత, ఇంటర్నెట్ మూలముగా లభించు సాధనములను తరగతిలో ఎట్లు వాడవలెనో నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను కోరినారు.

నేను ఇంజనీరును కాను. అయితే వారమువారము ప్రజల ముందు నిలువబడి మాటలాడువాడను. వినువారి కన్నులు మూతపడుట ఎట్లుండునో నాకు బాగుగా తెలియును. ఆ అనుభవముతోనే మాటలాడుచున్నాను.

ఈ సాధనములు రెండు విధములు. మొదటివి చూపించు సాధనములు. పవర్‌పాయింట్, గూగుల్ స్లైడ్స్, ప్రెజి, కాన్వా మొదలగునవి ఈ తెగకు చెందినవి. ఉపాధ్యాయుడు బొమ్మలను, మాటలను పుటలు పుటలుగా ముందే సిద్ధపరచుకొని, తరగతిలో ఒకదాని వెంట ఒకటి తెరమీద చూపును. ఆ పుటనే స్లైడు అందురు. రెండవవి కలిసి పనిచేయించు సాధనములు. గూగుల్ డాక్స్, గూగుల్ షీట్స్, ప్యాడ్‌లెట్, మెంటిమీటర్ ఇట్టివి. వీటిలో ఒకే పుటమీద అనేకులు, వేరువేరు చోట్లనుండియైనను, ఒకే సమయమున వ్రాయగలరు. మొదటి విధములో చేయి ఉపాధ్యాయునిది, కన్ను విద్యార్థిది. రెండవ విధములో చేయి కూడ విద్యార్థిదే. నా ప్రసంగమంతటికి ఈ తేడాయే మూలము. మన బడిలోనికి వచ్చు తెర పిల్లలచేత పని చేయించినయెడల అది కానుక. పిల్లలను సినిమా ప్రేక్షకులవలె కూర్చుండబెట్టినయెడల అది వెల హెచ్చు గోడబొమ్మ.

పాతవాటికి క్రొత్త రూపములు

బొమ్మ చూపి బోధించుట గాని, కలిసి నేర్చుకొనుట గాని కంప్యూటరుతో పుట్టలేదు. మొరేవియా దేశములో పుట్టిన జాన్ ఆమోస్ కొమేనియస్ ఒక సంఘమునకు బిషప్పు, గొప్ప విద్యావేత్త. ఆయన 1658లో న్యూరెంబర్గ్ పట్టణమున పిల్లలకొరకు ఒక బొమ్మల పుస్తకము అచ్చువేయించెను. బొమ్మలోని ఒక్కొక్క వస్తువునకు అంకె వేసి, ఆ అంకెతోనే క్రింద దాని పేరు రెండు భాషలలో ఇచ్చెను. మాట చెవికి, వస్తువు కంటికి ఏకకాలమున అందవలెనని ఆయన పట్టుదల. నేటి మంచి స్లైడునకు ఆయన పుస్తకమే పెద్దన్న.

రెండవ పద్ధతికి మూలము మనకు ఇంకను దగ్గరగా ఉన్నది. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు గురువు 1789లో మద్రాసు ఎగ్మోరులోని మిలిటరీ అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైనాడు. అక్కడి సహాయోపాధ్యాయులు అతని మాట సాగనియ్యలేదు. ఒకనాడు అతడు ఒక దేశీయ వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచెను. ఆ పద్ధతినే తెచ్చి, ఎనిమిదేండ్ల బాలుని ఒకనిని చిన్నపిల్లలకు గురువుగా నిలిపెను. వానిచేత తరగతి చక్కగా నడిచెను. 1797లో అతడు ఇంగ్లండులో దీనిని గూర్చి పుస్తకము ప్రకటింపగా, ఆ విధానము మద్రాసు పద్ధతియని పేరుపొందెను. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో అతని ధనముతో 1833లో స్థాపింపబడిన పాఠశాలకు మద్రాసు కాలేజీ అని నేటికిని పేరు. మన అరుగులమీది వీధిబడి, పెద్దపిల్లవాడు చిన్నవానికి చెప్పు పద్ధతి, సముద్రము దాటి పోయి అక్కడ విద్యకు దారి చూపినవి. అయితే మరియొక మాట కూడ చెప్పవలెను. ఇంగ్లండులో వందలమంది పిల్లలను ఒకే గదిలో కూర్చుండబెట్టి, ఆ పద్ధతినే వల్లెవేత యంత్రముగా మార్చిరి. మంచి పద్ధతియైనను ఆలోచన లేక నడిపినయెడల గానుగ వంటిదగును.

మన పెద్దలలో కొందరికి 1975 జ్ఞాపకముండవచ్చును. ఆ సంవత్సరము ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహము ఒకదాని సహాయముతో, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు వచ్చెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఆ దినములలో అది అద్భుతము. కాని ఆ పెట్టె చెప్పుచుండును, పిల్లవాడు వినుచుండును. వానికి సందేహము కలిగినయెడల పెట్టెను అడుగలేడు. తిరిగి అడుగుటకు, తిరిగి వ్రాయుటకు వీలు ఇంటర్నెట్‌తో వచ్చినది. ఆ వీలును వాడక, కొన్న తెరను మరల ఆ పెట్టెవలెనే వాడుదుమా?

చూపించు సాధనముల మేలు, కీడు

పవర్‌పాయింట్ 1987లో మెకింటాష్ కంప్యూటరుకొరకు మొదట అమ్మకమునకు వచ్చెను. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ సంస్థవారు దానిని తయారుచేసిన కంపెనీని కొనిరి. అది వ్యాపారస్థుల సభలకొరకు పుట్టిన సాధనము. పిల్లల తరగతికొరకు పుట్టినది కాదు. ఈ సంగతి మనము మరువరాదు.

దానివలన మేలు లేదని నేననను. గుండె యొక్క నాలుగు గదులలో రక్తము ఎట్లు పారునో సుద్దముక్కతో చూపుట కష్టము. చంద్రుని కళలు, భూమి తిరుగుట, కృష్ణా గోదావరులు మహారాష్ట్రలో పుట్టి తూర్పు సముద్రము చేరు మార్గము, ఇవి కదలు బొమ్మలో కనబడినప్పుడు పిల్లవాని ముఖము వికసించును. మన ఊరిలో చూడలేని వస్తువును ఊరికి తెచ్చుటకు తెర మంచి బండి.

కీడు ఎక్కడ మొదలగుననగా, తెరనిండ అక్షరములు నింపి, ఉపాధ్యాయుడు పిల్లలవైపు వీపు త్రిప్పి వాటిని చదువుటలో. అమెరికాలోని రిచర్డ్ మేయర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అనేక పరీక్షలు చేసి చెప్పినదేమనగా, బొమ్మ చూపుచు నోటితో వివరించినప్పుడు బాగుగా బోధపడును. అవే మాటలను అక్షరాల తెరమీద కూడ పెట్టినయెడల బోధపడుట తగ్గును. కన్ను అక్షరముల వెంట పోవును, చెవి మాట వెంట పోవును, బుద్ధి రెంటి మధ్య నలిగిపోవును.

ఇది తరగతిలో మార్కులకు సంబంధించిన చిన్న సంగతి అనుకొనవద్దు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగి వచ్చుచు ఆకాశములో ముక్కలైపోయెను. మన దేశములో పుట్టిన కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు మరణించిరి. జనవరి 16న నౌక పైకి లేచునప్పుడు నురుగు వంటి తేలిక పదార్థపు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలెను. నౌక ఇంకను ఆకాశములో ఉండగానే ఇంజనీర్లు పరిశీలించి, తమ అభిప్రాయమును స్లైడులలో అధికారులకు చూపిరి. అందులోని ఒక స్లైడుకు అడుగున, చిన్న అక్షరములలో, అసలు సంగతి ఉన్నది. వెనుకటి పరీక్షలకు వాడిన ముక్క 3 ఘనపు అంగుళములు. తగిలినట్లు అంచనా వేసినది 1,920 ఘనపు అంగుళములు. పై వరుసలలోని ధైర్యపు మాటల క్రింద ఆ లెక్క మరుగుపడెను. ఆ స్లైడువలననే నౌక కూలెనని ఎవరును అనలేదు. అయితే ఆ సంవత్సరము ఆగస్టులో వెలువడిన విచారణ సంఘపు నివేదిక, పూర్తి వ్రాతకు బదులు స్లైడులమీద ఆధారపడు అలవాటును దోషముగా ఎంచెను. ముక్కలు ముక్కలుగా వ్రాసిన మాటలలో, ఏది ముఖ్యమో ఏది కాదో, దేనివలన ఏది కలిగెనో మాసిపోవును. మన పిల్లలకు మనము నేర్పవలసినది సరిగా ఆ కారణ సంబంధమే గదా!

కాబట్టి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఒక స్లైడునకు ఒక బొమ్మ, ఒక ప్రశ్న చాలును. ప్రశ్న ముందు రావలెను, జవాబు తరువాత రావలెను. అక్షరములు వెనుక బెంచీవానికి కనబడునంత పెద్దవి కావలెను. గదిలో వెనుకకు పోయి నిలిచి మీరే చూచుకొనుడు. తెరతో పని తీరగానే దానిని నల్లగా చేయుడు. పవర్‌పాయింట్ నడుచుచుండగా కీబోర్డుమీద బి అను ఆంగ్ల అక్షరము నొక్కినచో తెర నల్లబడును, మరల నొక్కినచో వెలుగును. ఆ నల్లని క్షణమున పిల్లల చూపు మీ ముఖముమీదికి వచ్చును. అప్పుడు చెప్పిన మాట నిలుచును.

కలిసి పనిచేయుట ఎట్లు

2006 మొదలు గూగుల్ డాక్స్ వంటి సాధనములు సామాన్యులకు అందినవి. దీని పనితీరు మిక్కిలి సులభము. ఉపాధ్యాయుడు ఒక పుట తెరచి దాని లింకు పిల్లలకు ఇచ్చును. ఆ లింకు తెరచినవారందరు ఆ పుటమీదనే వ్రాయుదురు. ఒకేసారి నూరుమంది వరకు వ్రాయవచ్చును. ఒకరు వ్రాసినది మరుక్షణమే అందరికి కనబడును. వ్రాసినది తనంతట తానే భద్రమగును. ఎవరు, ఎప్పుడు, ఏ మాట చేర్చిరో, ఏ మాట తుడిచిరో ఉపాధ్యాయుడు తరువాత తెరచి చూడవచ్చును. జట్టుగా పని ఇచ్చినప్పుడు ఒకడు వ్రాయుట, నలుగురు పేర్లు పెట్టుకొనుట మనము ఎరిగినదే. ఈ సౌకర్యమువలన ఆ మోసమునకు చాలవరకు అడ్డు పడును.

రెండు ఉదాహరణములు ఇచ్చెదను. మొదటిది ఏడవ తరగతి గణితము. వృత్తపు చుట్టుకొలతను వ్యాసముతో భాగించిన 3.14 అని పుస్తకములో ఉన్నది. పిల్లవాడు దానిని బట్టీపట్టును. దానికి బదులు తరగతిని ఎనిమిది జట్లుగా చేయుడు. ఒక జట్టు గాజు, ఒక జట్టు భోజనపు పళ్లెము, ఒక జట్టు సైకిలు చక్రము, ఒక జట్టు బిందె మూతి, ఇట్లు దారముతోను స్కేలుతోను కొలిచి, గూగుల్ షీటులోని తమ వరుసలో రెండు అంకెలు వ్రాయవలెను. మూడవ గడిలో భాగహారపు జవాబు తనంతట తాను వచ్చును. 3.1, 3.2, 3.14, 3.17 అని వరుసగా తెరమీద పడుచుండగా, గాజైనను చక్రమైనను సంఖ్య ఒక్కటే యగుచున్నదని పిల్లలే కేక వేయుదురు. ఒక జట్టుకు 6.3 వచ్చెననుకొనుడు. దానిని తుడిచివేయవద్దు. ఇది ఏల ఇట్లు వచ్చెనని తరగతిని అడుగుడు. వారు వ్యాసమునకు బదులు మధ్యనుండి అంచువరకు మాత్రమే కొలిచిరని మరియొక జట్టువాడు కనిపెట్టును. వ్యాసమునకు, వ్యాసార్ధమునకు భేదము ఆ పిల్లలు ఇక ఎన్నటికిని మరువరు.

రెండవది సాంఘిక శాస్త్రము. 1977 నవంబరు 19న దివిసీమమీదికి వచ్చిన తుపాను, ఉప్పెన పదివేలమందికి పైగా ప్రాణములు తీసెను. ఆనాడు పదేండ్ల వయస్సున్నవారు నేడు అరువదికి చేరువలో ఉన్నారు. కృష్ణాజిల్లా తీరపు బడిలో ఎనిమిదవ తరగతి పిల్లలు తలా ఒక పెద్దను కలిసి, ఆ రాత్రి ఎక్కడ ఉంటిరి, నీరు ఎంత ఎత్తు వచ్చెను, ఎవరు బ్రదికించిరి అని అడిగి, వినినది ఒకే పుటలో వ్రాయవలెను. నలుబది కథనములు ఒకచోట చేరును. ఒకరు తాటిచెట్టంత అల అందురు, ఇంకొకరు ఇంటికప్పు వరకు అందురు. ఒకరు సాయంకాలమందురు, ఒకరు రాత్రియందురు. అప్పుడు అసలు పాఠము మొదలగును. ఏది నమ్మవలెను? ఎవరు ఎంత దూరమున ఉండిరి? ఒకే మాట ముగ్గురు విడివిడిగా చెప్పినప్పుడు దాని విలువ ఏమి? ఇది చరిత్రకారుని పని. తెలంగాణలోని బడులవారు తమ ఊరి చెరువును గూర్చి, దాని కట్ట ఎప్పుడు తెగెను, ఎవరు కట్టిరి అని ఇట్లే వ్రాయింపవచ్చును. పాఠ్యపుస్తకములో లేని పుస్తకమును పిల్లలే వ్రాయుదురు. తెలుగులో టైపు చేయుట కష్టమను భయము అక్కరలేదు. ఫోనులో తెలుగులో మాటలాడినయెడల అదే అక్షరములుగా వ్రాయు సౌకర్యము 2017 నుండి ఉన్నది. తప్పులు మాత్రము దిద్దుకొనవలెను. అదియు ఒక తెలుగు పాఠమే.

నోరు విప్పని పిల్లవానికొరకు

ఈ సాధనములవలన మిక్కిలి మేలు పొందువాడు ఎవడనగా, చేయి ఎత్తని పిల్లవాడు. ప్రతి తరగతిలోను నలుగురైదుగురే జవాబు చెప్పుదురు. తక్కినవారు వారి నీడలో దాగుదురు. మేరీ బడ్ రో అను అమెరికా విద్యావేత్త తరగతులలో మాటలు రికార్డు చేసి లెక్కింపగా, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన పిమ్మట సుమారు ఒక సెకండు మాత్రమే ఆగుచున్నారని తేలెను. మూడు సెకండ్లు ఆగినంత మాత్రముననే జవాబులు దీర్ఘమైనవి, జవాబు చెప్పువారు పెరిగిరి.

మెంటిమీటర్ వంటి సాధనములో ప్రతివాడు తన జవాబును పేరు లేకుండ పంపవచ్చును. నలుబదిమందిలో పదునెనిమిదిమంది ఒక తప్పు జవాబునే ఎంచుకొనిరని తెరమీద కనబడినప్పుడు, తప్పు చేసిన పిల్లవానికి సిగ్గు పోవును, ఉపాధ్యాయునికి తన పాఠములోని లోటు తెలియును. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఎరిక్ మజూర్ అను భౌతికశాస్త్ర ఆచార్యుడు 1991 నుండి ఇట్టి పద్ధతి నడిపెను. ప్రశ్న వేయుట, ఒక్కొక్కడు తానే ఆలోచించి జవాబు ఎంచుకొనుట, తరువాత ప్రక్కవానితో వాదించుట, మరల జవాబు చెప్పుట. ఆచార్యుడు చెప్పినదానికంటె, నిన్ననే దానిని అర్థము చేసికొన్న ప్రక్కవాడు చెప్పినది త్వరగా తలకెక్కునని ఆయన కనుగొనెను. బెల్‌గారి ఎనిమిదేండ్ల గురువు మరల మన ముందుకు వచ్చినట్లే గదా!

ఫోను లేని ఇల్లు

ఇప్పుడు మన సంఘములకు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చి బడులు మూతపడినప్పుడు ఏమి జరిగెనో మీ ఇండ్లలోనే చూచినారు. తెలంగాణలో ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠములు వచ్చెను. ఆంధ్రలో సప్తగిరిలో వచ్చెను. ఫోను పాఠములు విన్నవారు విన్నారు. కాని ఇంటికి ఒకటే ఫోను, అది తండ్రితో కూలిపనికి పోవును. ముగ్గురు పిల్లలలో ఎవరికి ఇయ్యవలెను? అనేక ఇండ్లలో ఆ ఫోను మగపిల్లవానికి దక్కెను, ఆడపిల్లకు అంట్లు దక్కెను.

కాబట్టి మన బడులలో ఒక కట్టుబాటు ఉండవలెను. ఇంటిలో ఫోను ఉన్నవానికి మాత్రమే సాధ్యమగు పని ఏదియు ఇంటిపనిగా ఇయ్యరాదు. తెరపని బడిలోనే, బడి గంటలలోనే, బడి సాధనముతోనే జరుగవలెను. ఒక్క కంప్యూటరుతో ఇది సాధ్యమేనా అని అడుగుదురు. సాధ్యమే. నేను చెప్పిన గణిత పాఠమునకు ఒక్క కంప్యూటరు చాలును. ఎనిమిది జట్లవారు వంతులవారీగా వచ్చి తమ అంకెలు వ్రాసిపోవుదురు. ప్లికర్స్ అని ఒక సాధనమున్నది. దానికి పిల్లలవద్ద ఏ యంత్రమును ఉండనక్కరలేదు. ప్రతి పిల్లవానికి కాగితముమీద అచ్చువేసిన గుర్తుగల అట్ట ఒకటి ఇత్తురు. అట్టను ఏ వైపు పైకి త్రిప్పి పట్టుకొనిన అది ఆ జవాబు. ఉపాధ్యాయుడు తన ఫోను కెమేరాతో గదినంతటిని ఒకసారి చూచినచో, ఎవరి జవాబు ఏదో లెక్క వచ్చును. కూలివాని కూతురును, ఉద్యోగి కుమారుడును ఒకే అట్ట పట్టుకొందురు. మన బడులకు ఇట్టిది తగును.

మూడు హెచ్చరికలు

మొదటిది: సాధనములు శాశ్వతములు కావు. గూగుల్ సంస్థవారి జామ్‌బోర్డు అను తెల్లబల్ల సాధనమును ఎందరో ఉపాధ్యాయులు వాడిరి. 2024 డిసెంబరు 31తో అది నిలిచిపోయెను. అందుచేత పిల్లలు చేసిన పనిని ఎప్పటికప్పుడు బడి కంప్యూటరులోనికి దించుకొని, మంచివాటిని కాగితముమీద అచ్చువేసి గ్రంథాలయములో ఉంచుడు. ఒక సాధనమును కాదు, ఒక పద్ధతిని నేర్చుకొనుడు. సాధనము పోయినను పద్ధతి మరియొకదానిలో నడుచును. ఏదియు లేనినాడు నల్లబల్లమీదనే నడుచును.

రెండవది: పిల్లల పేరు, ఫొటో, ఫోను నంబరు అడుగు సాధనములయెడల జాగ్రత్త. 2023లో మన దేశమున చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి సమాచారమునకు తలిదండ్రుల అనుమతి ఉండవలెనని చెప్పుచున్నది. పేరుకు బదులు హాజరు సంఖ్య వ్రాయించినయెడల చాలవరకు పని జరుగును.

మూడవది: 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, పాఠము పేరు చెప్పినంతలో మాటలు వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి; స్లైడులనే తయారుచేసి ఇచ్చునవియు నేడున్నవి. అలసిన ఉపాధ్యాయునికి ఇది పెద్ద శోధన. ఆ స్లైడులలో అందముతోపాటు తప్పులును ఉండును. పైగా పాఠము సిద్ధపరచుకొనుట అను శ్రమలోనే ఉపాధ్యాయుడు పాఠమును మరల నేర్చుకొనును. ఆ శ్రమను యంత్రమునకు అప్పగించినవాడు తరగతిలోనికి ఖాళీ చేతులతో పోవును.

సంఘస్థులకు మనవి

ఇక కానుక ఇయ్యదలచిన సంఘములకు నా మనవి. యంత్రములు ఇప్పటికే వచ్చుచున్నవి. దీక్షా అను జాతీయ పాఠ భాండారము 2017 సెప్టెంబరు 5న ప్రారంభింపబడెను. పాఠ్యపుస్తకములోని గుర్తును ఫోనుతో చూచిన పాఠము తెరచుకొనును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు టాబులు పంచిరి. మనకు కొరత ఉపాధ్యాయునికి అలవాటు చేసికొను సమయమునందే. 2023లో వెలువడిన యునెస్కో విద్యా నివేదిక కూడ, సాంకేతిక సాధనము గురుశిష్యుల ముఖాముఖికి తోడుగా ఉండవలెను గాని దాని స్థానమును ఆక్రమించరాదని హెచ్చరించెను.

కాబట్టి రసీదు వ్రాయకముందు ప్రధానోపాధ్యాయుని ఈ ప్రశ్నలు అడుగుడు. ఈ తెరతో మొదటి నెలలో ఏ మూడు పాఠములు చెప్పుదురు? వాటిలో పిల్లలు చేయు పని ఏమి? కరెంటు పోయిననాడు ఏమి చేయుదురు? చెడిపోయిన ఎవరు బాగుచేయుదురు, ఆ ఖర్చు ఎవరిది? ఏబదియైదేండ్ల టీచరమ్మకు దీనిని ఎవరు ఓపికతో నేర్పుదురు? ఈ చివరి ప్రశ్నకు జవాబు మీ ఇండ్లలోనే ఉన్నది. మన సంఘముల బిడ్డలు ఎందరో హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను కంప్యూటరు ఉద్యోగములు చేయుచున్నారు. వారు దినమెల్ల ఈ సాధనములమీదనే పనిచేయుదురు. నెలకు ఒక శనివారము, ఒక గంటసేపు, తాము చదివిన బడిలోని ఒక టీచరుతో ఒకే పుటమీద కూర్చుండి ఒక పాఠము తయారుచేయించినయెడల, అది తెరకంటె గొప్ప కానుక. దానికి ఖర్చు లేదు, శిలాఫలకము లేదు. ఫలము మాత్రము ఉండును.

తెరయే కొనదలచినవారు కొనుడు, సంతోషము. దాని ధరలో పదవ వంతైనను ఉపాధ్యాయుల తర్ఫీదుకు వేరుగా ఉంచుడని మాత్రము వేడుకొనుచున్నాను. తెరకు మూడు మేకులు చాలును. దానిముందు నిలుచు ఉపాధ్యాయునికి మనమందరము కావలెను.